ఉప్పు పడని రీలుగారికి

మహారాజశ్రీ, నా గాలం కర్రకి దారం చుట్టే స్పిన్నింగ్ రీలుగారి దివ్య సముఖమునకు,

నమస్కరించి రాయు విన్నపం. ఇక్కడ నేను క్షేమం. అక్కడ సర్వీస్ సెంటర్ అట్టపెట్టెలో తమరు కూడా క్షేమమని తలుస్తాను.

తమరి జబ్బేమిటో ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పారు. "ఉప్పునీళ్ళు తగిలాయి సార్. వారంటీలోకి రాదు."

ఉప్పునీళ్ళా! తమరు వచ్చిన పెట్టె మీద నీలి సముద్రం, గాల్లోకి ఎగిరిన చేప, వాటి కింద బంగారు అక్షరాలతో 'సాల్ట్ వాటర్' అని రాసి ఉంది. అది చూసే కదా అన్ని వేలు పోసింది. నేను తమర్ని హుస్సేన్‌సాగర్ కోసం కొన్నానా? భీమిలిలో పంచదార నీళ్ళు దొరుకుతాయని ఎవరైనా చెప్పారా?

పైగా మనది బంగాళాఖాతం. గంగ, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడబట్టి అరేబియా సముద్రం కంటే ఉప్పు తక్కువ. ఆ చప్పటి సముద్రానికే తమరికి బీపీ పెరిగితే గోవా తీసుకెళ్తే ఏమైపోతారు స్వామీ?

తమరితో వచ్చిన చిన్న పుస్తకం కూడా చదివాను. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలట. కానీ నీళ్ళలో ముంచకూడదట. పంపు కింద గట్టిగా పట్టకూడదట. నీళ్ళు లోపలికి పోకూడదట, ఉప్పు లోపల ఉండకూడదట. తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, చుక్క నూనె వేశాను. మా ఇంట్లో పసిపిల్లలకి కూడా ఇంత నలుగు పెట్టలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. ఒడ్డున రాళ్ళెక్కి గాలం వేసే మాలాంటి వాళ్ళకి ఎండ దెబ్బ తప్ప అడ్డమేమీ ఉండదు. గాలి లేదని యాప్ చెప్పిన రోజు టోపీ ఎగిరిపోతుంది, అది వేరే సంగతి. కొన్న పాపర్లలో, అంటే నీళ్ళ మీద తేలే ఉత్తుత్తి ఎర చేపల్లో, సగం రాళ్ళకే నైవేద్యం, అదీ వేరే సంగతి. వాటికి విడిగా ఉత్తరాలు రాస్తాను.

తమరి సంగతి చూద్దాం. మొన్న తెల్లవారుజామున పోటు ఎక్కుతుండగా పార చేప తగిలింది. పెద్దది. తగలగానే తల తిప్పి రాళ్ళలోకి పరిగెత్తే చేప అది. అప్పుడు తమరు చేయాల్సిన పని ఒక్కటే, దారం జారే చిన్న రోలర్ తిప్పుతూ దాన్ని మెత్తగా వదలడం. రోలర్ తిరగలేదు. అందులో వేలిగోరంత బేరింగు ఉప్పు గడ్డకట్టి బిగుసుకుపోయింది. దారం దాన్ని రాసుకుంటూ రాసుకుంటూ పోయి ఫట్‌మంది.

నాకు చేప పోయిందని ఏడుపు లేదు. దాన్ని ఎలాగూ ఫోటో తీసుకుని వదిలేసేవాణ్ణే. కానీ అది నోట్లో మూడు కొక్కేల గుత్తితో, పాపర్‌ని ఈడ్చుకుంటూ పోయింది. అది మేత తింటుందా, చస్తుందా? ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి? వారంటీ కాగితంలో దానికేమైనా గడి ఉందా?

ఒరేయ్ రీలూ, సిగ్గుండాలిరా. నా పక్క రాయి మీద కూర్చున్నాయన ప్లాస్టిక్ సీసాకి తంగూసు చుట్టుకుని, కొక్కేనికి కవళ్ళ చేపలు గుచ్చి విసురుతున్నాడు. ఆ సీసాకి బేరింగులు లేవు, పెట్టె లేదు, పుస్తకం లేదు. ఉప్పు పడదని అది ఏనాడూ అనలేదు. నీకేమో ఒక్క బేరింగు మార్చడం కుదరదట, సెట్టు మొత్తం మార్చాలట. ఆ బిల్లు పెడితే హార్బర్‌లో నాకు బారెడు కోనాం చేప వస్తుంది, ముక్కలు కూడా కొట్టి ఇస్తారు.

అయినా మార్చమనే చెప్పాను. నిషేధం అయ్యేలోగా రా.

ఇట్లు,
వారంటీలోకి రాని నీ యజమాని