ఎకో ట్రాన్స్‌డ్యూసర్‌కి ఎక్కడ కన్నం పెట్టినా ఒకటేనా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చాలా బోట్లకు అడుగు పని పడేది ఆ 61 రోజుల్లోనే. నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో లోతునీ చేపనీ చూపించే మిషన్ ఎకో సౌండర్. ఆ శబ్దం పంపి అందుకునే, బోటు అడుగున బిగించే భాగం ట్రాన్స్‌డ్యూసర్. కొత్త ఎకో సౌండర్ వేయించుకునేవాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది: “వాట్లు ఎక్కువున్న ట్రాన్స్‌డ్యూసర్ కొను. ఇంజిన్ గదిలో చెయ్యి పట్టే చోట కన్నం పెట్టు. సిలికాన్ పూసి నట్టు బలంగా బిగించు. వైరు మిగిలితే కోసెయ్. అడుగు రంగు దాని మీదా వేసెయ్.” ఇందులో ఒక్క మాట కూడా ఉన్నదున్నట్టు నిలబడదు. నమ్మితే పోయేది డబ్బొక్కటే కాదు, నీటి మట్టానికి కింద పెట్టే కన్నం ఇది.

“వాట్లు ఎక్కువైతే లోతు ఎక్కువ.” ముందు చూడాల్సింది ఫ్రీక్వెన్సీ. 200 కిలోహెర్ట్జ్ శబ్దం ఉప్పునీటిలో త్వరగా కరిగిపోతుంది, కానీ వివరం బాగా చూపిస్తుంది. 50 కిలోహెర్ట్జ్ చాలా లోతుకి దిగుతుంది, వివరం తగ్గుతుంది. 20, 30 బారల నీటిలో రొయ్యల వల లాగే బోటుకి 200 సరిపోతుంది. లోతు సముద్రానికి వెళ్లే బోటుకి 50 కూడా ఉన్నది కావాలి. ఇక వాట్ల సంగతి. శబ్దం వెళ్లేటప్పుడూ విచ్చుకుంటుంది, చేపకి తగిలి తిరిగొచ్చేటప్పుడూ విచ్చుకుంటుంది. అందుకే 600 నుంచి 1000 వాట్లకి పెంచినా చేప కనిపించే దూరం మహా అయితే 14 శాతం పెరుగుతుంది. పైగా 600 వాట్ల మిషన్‌కి 1000 వాట్ల ట్రాన్స్‌డ్యూసర్ తగిలిస్తే వచ్చేది ఆ 600 వాట్లే. 1000 వాట్ల మిషన్‌కి 600 వాట్ల ట్రాన్స్‌డ్యూసర్ తగిలిస్తే ట్రాన్స్‌డ్యూసరే పోతుంది.

వాట్ల కంటే ముందు బాడీ దేనితో చేశారో అడగండి. చెక్క బోటుకి ప్లాస్టిక్ బాడీ పెట్టకూడదు. నీళ్లు తాగి ఉబ్బిన చెక్క దాన్ని నొక్కి పగలగొడుతుంది. చెక్కకి కంచు బాడీ వేయాలి. ఫైబర్‌కి కంచు, ప్లాస్టిక్ రెండూ పనికొస్తాయి. అల్యూమినియం అడుగుకి మాత్రం కంచు తగలకూడదు, ఉప్పునీటిలో అల్యూమినియాన్ని తినేస్తుంది.

“ఇంజిన్ గదిలో ఎక్కడైనా.” అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. ట్రాన్స్‌డ్యూసర్‌కి గాలి బుడగే శత్రువు, శబ్దం దాన్ని దాటిపోలేదు. ఇంజిన్ గది దగ్గర ప్రొపెల్లర్ రొద ఉంటుంది, నీళ్లు లాగే తూములుంటాయి. బోటు నిలిచి ఉంటే నేల చక్కగా కనిపించి, వేగం అందుకోగానే గీత చెదిరి మాయమవుతోందంటే మిషన్‌ని అనుమానించకండి, చోటు తప్పింది. నెమ్మదిగా నడిచే ట్రాలర్‌కి నీటి గీత దగ్గరి పొడవులో ముందు నుంచి మూడో వంతు వెనక్కి రండి. 12 మీటర్లుంటే 4 మీటర్లు. మధ్య గీత నుంచి 15–30 సెంటీమీటర్లు పక్కకి జరపండి. ప్రొపెల్లర్ రెక్కలు కిందికి దిగే వైపు మేలు. ముందర తూము, గొట్టం, బయటికి పొడుచుకొచ్చిన పట్టీ ఏదీ ఉండకూడదు. అవుట్‌బోర్డ్‌తో (బయట వెనక తగిలించే ఇంజిన్‌తో) నీటి మీద తేలి పరిగెత్తే ఫైబర్ బోటుకి మాత్రం వెనక, ఇంజిన్‌కి కాస్త ముందు పెట్టాలి.

అడుగు వాలుని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 12 డిగ్రీల వాలు మీద నేరుగా బిగిస్తే, 50 మీటర్ల నీటిలో శబ్దపు నడిబొడ్డు పది మీటర్లకి పైగా పక్కన పడుతుంది, ప్రతిధ్వని అటే పోతుంది. వాలుకి తగ్గట్టు కోసిన దిమ్మ బయట వేయండి. కోయగా మిగిలిన ముక్కని లోపల నట్టు కింద పెడితే నట్టు సమంగా కూర్చుంటుంది.

కన్నం పెట్టేటప్పుడు ముందు లోపలి నుంచి 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేసి, బయటికి వచ్చి అది సరైన చోట పడిందో లేదో చూడండి. తర్వాత బయట మాస్కింగ్ టేప్ అంటించి, స్టెమ్‌కి (కన్నంలోంచి లోపలికి వచ్చే మరల కాడకి) చెప్పిన సైజు హోల్‌సాతో (గుండ్రంగా కోసే రంపంతో) బయటి నుంచే కోయండి. టేప్ లేకపోతే ఫైబర్ పైపొర పెచ్చులు లేస్తుంది. పొరల మధ్య మెత్తటి కోర్ ఉన్న ఫైబర్ అయితే లోపలి పొరనీ కోర్‌నీ ఇంకా వెడల్పుగా తీసి, ఎపాక్సీ పోసి, అది గట్టిపడ్డాకే అసలు కన్నం పెట్టాలి. లేదంటే నట్టు బిగింపుకి కోర్ నలిగి, నీళ్లు దాంట్లోకి పాకుతాయి.

“సిలికాన్ పూసి బలంగా బిగించు.” బాత్రూం సిలికాన్ నీటి కింద పట్టు వదిలేస్తుంది. నీటి మట్టం కిందికి పనికొచ్చే పాలీయురెథేన్ మెరైన్ సీలెంట్ తీసుకోండి. అంచు కింద 2 మిల్లీమీటర్ల మందాన, నట్టు దాటి కాస్త పై దాకా మరల మీదా పూయండి. ప్లాస్టిక్ నట్టుని చేత్తో మాత్రమే తిప్పాలి. అతిగా బిగిస్తే సీలెంట్ అంతా బయటికి వచ్చేసి లోపల ఏమీ మిగలదు, మరలూ తెగుతాయి. చెక్క బోటుకి, చెక్క ఉబ్బడానికి వదిలాకే చివరి బిగింపు.

వైరు కోసి అతికిస్తే సిగ్నల్ బలహీనపడుతుంది, రొద చేరుతుంది. మిగిలింది వదులుగా చుట్టి కట్టండి. ఆల్టర్నేటర్ వైర్లకి దూరంగా నడపండి.

రంగు వేయొచ్చు, వేయకపోతే గుల్లలు పడతాయి. కానీ నీటి ఆధారిత యాంటీఫౌలింగ్ (గుల్లలు పట్టనివ్వని) రంగే, పలచగా. కీటోన్ సాల్వెంట్ ఉన్న రంగు ప్లాస్టిక్ ముఖాన్ని తినేస్తుంది.

బోటు నీళ్లలోకి దించిన వెంటనే నట్టు చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. సన్నటి కారుడు అప్పుడే కనిపించదు. మూడు గంటల లోపు మళ్లీ చూడాలి, మొదటి రాత్రి బోటుని ఒంటరిగా వదలకూడదు.