ఇంటి పన్ను పూచీ మీద అప్పు

2021లో గాంధీ జయంతి నాడు మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం కింద ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటికి మూడు చొప్పున పంచిన నీలం, ఆకుపచ్చ, ఎరుపు బుట్టలు మా ఇంట్లో నేటికీ చెక్కుచెదరలేదు. ఒకదానిలో ఉల్లిపాయలున్నాయి, ఇంకోదానిలో బట్టల క్లిప్పులున్నాయి, మూడోదానిలో పాత కరెంటు బిల్లులున్నాయి. ప్రభుత్వం వారిచ్చిన వస్తువును చెత్త వేసి పాడుచేసుకునేంత అవివేకులం కాము. పైగా తడి, పొడి అంటూ విడదీసిన చెత్తంతా వీధి చివర ఒకే బండిలో ఒక్కటైపోతుంటే, అంతటి సమైక్యతకు అడ్డుపడటం పౌరధర్మం కాదు.

ఈ బుట్టల వెనుక నడిచిన వ్యవహారం వీటికంటే రంగులమయం. 2020 మేలో, కరోనాతో ఖజానాలు ఎండిపోయినప్పుడు, రాష్ట్రాల అప్పు పరిమితిని కేంద్రం స్థూలోత్పత్తిలో 3 శాతం నుంచి 5 శాతానికి పెంచి, అందులో కొంత భాగానికి షరతులు తగిలించింది. ఇంటి పన్నును రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టి, నీటికీ మురుగుకూ ఖర్చుకు తగ్గ రుసుములు విధించి, వాటిని ఎప్పటికప్పుడు పెంచుకుంటూ పోయే రాష్ట్రానికి మరో 0.25 శాతం అప్పు చేసుకునే యోగ్యత దక్కేది. ఈ పరీక్షలో దేశమంతటికంటే ముందు ఉత్తీర్ణులైనవి మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. మనకు దక్కిన బహుమానం 2,525 కోట్ల రూపాయల కొత్త అప్పుకు అనుమతి. చెత్త మీద పన్నును మాత్రం ఆ షరతులో ఎవరూ అడగలేదు. నెలకు 30 నుంచి 120 రూపాయల దాకా దాన్ని మనవాళ్లే ఉత్సాహం పట్టలేక చేర్చారు.

ఇంతటి సంస్కరణకు పట్టణ ప్రజల సమ్మతి ఉండాలి కదా అని సందేహించేవారు రాజ్యాంగం చదివి చెడిపోయినవారు. 2019 మధ్యలోనే మునిసిపాలిటీల పాలకవర్గాల గడువు తీరిపోయింది, కొత్త ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు, పన్ను చట్టం ఈ రెంటికీ నడుమ 2020 నవంబరులో, కౌన్సిలరు అనే ప్రాణి రాష్ట్రంలో దాదాపు కనిపించని రోజుల్లో, నిరాటంకంగా సవరణకు నోచుకుంది. తర్వాత గెలిచి, మెడలో దండలతో కుర్చీల్లో కూర్చున్నవారికి పన్ను పద్ధతి తయారుగా కనిపించింది. వారి వంతుకు సమోసాలు మిగిలాయి.

ఇక 2022లో కర్నూలులో, చెత్త పన్ను కట్టని దుకాణాల ముందు నగరపాలక సిబ్బంది చెత్త తెచ్చి పోసిన ఘట్టం పరిపాలనా శాస్త్రంలో పాఠంగా చేర్చదగినది. చెత్త తీసుకెళ్లడం రుసుము చెల్లించవలసిన సేవ. తెచ్చి పోయడం పూర్తిగా ఉచితం. అందులోనూ షట్టరు దాకా బట్వాడా. తడి, పొడి వేరుచేశారా, ఏ రంగు బుట్టలోది ఏ దుకాణానికి చేరింది, కొలతలో తేడా వస్తే వ్యాపారి ఎవరికి ఫిర్యాదు చేసుకోవాలి అన్న వివరాలు తెలియలేదు. కిలోల లెక్కన రసీదు ఇచ్చి ఉంటే సంస్కరణ సంపూర్ణమయ్యేది.

ఆ చెత్తను చేతులతో ఎత్తినవారి సంగతి నవ్వుతూ చెప్పగలిగేది కాదు. 2020లో పారిశుద్ధ్య కార్మికుల మీద పూలు చల్లారు, కాళ్లు కడిగారు, ఫొటోలు తీయించుకున్నారు. వారి పేరు చెప్పి ఇంటింటా డబ్బు వసూలు చేశారు. 2023 డిసెంబరులో అదే కార్మికులు సమాన పనికి సమాన వేతనం ఇవ్వండి అని సమ్మె చేసి రోడ్డున కూర్చోవలసి వచ్చింది. సిగ్గుండాలి! పన్ను ఎందుకు కట్టాలని అడిగిన ప్రతి ఇల్లాలికీ, పారిశుద్ధ్యం ఊరికే వస్తుందా అని జవాబు చెప్పినవారికి, ఆ పారిశుద్ధ్యం చేసే మనిషి జీతం మాత్రం భారమైపోయిందా?

2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు చెత్త పన్ను రద్దు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఏటా 15 శాతం మించకుండా అనే దయాగుణంతో పెరగడానికి ఏర్పాటైన ఇంటి పన్ను జోలికి ఆ రోజు ఎవరూ పోలేదు. ఇక ఆ 2,525 కోట్లలో మా వీధి కాలువ దాకా ఎంత పారిందని అడిగితే, అప్పుల లెక్క రాష్ట్రానిది, కాలువ లెక్క మునిసిపాలిటీది, రెండూ వేర్వేరు పద్దులు అంటారు. మా చెత్తను వేరుచేయడం చేతకాకపోయినా, పద్దులను ఇంత శుభ్రంగా వేరుచేయడం వారికి వచ్చు.