పదేళ్లు నిండితే ఆర్కిటెక్ట్ అయిపోతామా?

మన ఐటీలో ఒక లెక్క నడుస్తుంది, నాలుగేళ్లకి సీనియర్, ఏడేళ్లకి లీడ్, పది దాటితే మేనేజర్ అవ్వాలి లేదా సిస్టమ్ మొత్తం ఎలా కట్టాలో తేల్చే ఆర్కిటెక్ట్ అవ్వాలి అని. మేనేజర్ పని పడనివాళ్లు అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సులో చేరి అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ వాళ్ల సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష రాస్తారు, 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, వెయ్యికి 720 వస్తే పాస్. ఆ చదువు దండగ అని నేననను, రెజ్యూమె షార్ట్‌లిస్ట్ అవ్వడానికి పనికొస్తుంది. కానీ ఆ పేపర్లో జవాబు ముందే ఖాయమై ఉంటుంది, అసలు పనిలో ఏ జవాబుకైనా ఏదో ఒక నష్టం అంటుకునే ఉంటుంది, ఏ నష్టాన్ని భరించగలమో తేల్చడమే ఆర్కిటెక్ట్ పని.

నాకిది అర్థమైంది ఒక పేమెంట్ ప్రాజెక్ట్‌లో. నేను రాసిన కోడ్ టెస్టులన్నీ పాసైంది, ప్రొడక్షన్‌కి వెళ్లాక కొంతమంది కస్టమర్లకి డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి. డబ్బు కట్ చేసే పేమెంట్ గేట్‌వే నుంచి జవాబు టైమ్‌కి రాకపోతే మళ్లీ పంపమని నేనే రీట్రై పెట్టా, తీరా చూస్తే మొదటిది అక్కడ అప్పటికే పూర్తయిపోయింది, జవాబు మాత్రమే దారిలో ఆగింది. ప్రతి పేమెంట్‌కీ ఒక ఐడెంపొటెన్సీ కీ, అంటే ఆ పేమెంట్‌కి మాత్రమే చెందిన గుర్తు, పంపితే, అదే కీ మళ్లీ వచ్చినప్పుడు గేట్‌వే పాత జవాబే తిరిగిస్తుంది, చాలా చిన్న మార్పు. అవతలి నుంచి అసలు జవాబే రాకపోతే ఏంటి అని డిజైన్ రోజున ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ప్రైమ్ వీడియో కథ కూడా చూడండి. స్ట్రీమ్‌లో ఆడియో, వీడియో క్వాలిటీ చెక్ చేసే టూల్‌ని వాళ్లు మొదట స్టెప్ ఫంక్షన్స్, లాంబ్డా అనే ఏడబ్ల్యూఎస్ సర్వీసులతో ముక్కలు ముక్కలుగా కట్టారు, అనుకున్న లోడ్‌లో 5 శాతం దగ్గరే అది లిమిట్ కొట్టింది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి వీడియో ఫ్రేములు ఎస్3 అనే స్టోరేజ్ మీదుగా వెళ్లాలి, ప్రతి స్టెప్‌కీ బిల్లు పడుతుంది. అన్నిటినీ ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చేసరికి ఇన్‌ఫ్రా ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో వాళ్లే రాశారు. దీన్ని చదివి మైక్రోసర్వీసులు (సిస్టమ్‌ని చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టే పద్ధతి) చచ్చిపోయాయి అని గోల చేసినవాళ్లు ఉన్నారు, నాకు మాత్రం ఆ టీమ్ కొలిచి చూసి, తాము కట్టినదాన్ని తామే విప్పుకోవడం నచ్చింది.

ఇంకోటి, క్లయింట్ సిస్టమ్ ఎప్పుడూ ఆగకూడదు అంటాడు, డెవలపర్ సరే అని రాసుకుంటాడు. సిస్టమ్ 99.9 శాతం టైమ్ నడవాలి అంటే ఏడాదికి దాదాపు తొమ్మిది గంటలు ఆగినా ఫర్వాలేదని, 99.99 అంటే 52 నిమిషాలేనని, ఆ తేడా కోసం ఇంకో రీజియన్ (వేరే చోటి డేటాసెంటర్లు), డేటాబేస్ రెప్లికా (నకలు), రాత్రి రెండింటికి లేచే మనుషులు కావాలని రేట్లతో సహా చెప్పాల్సింది ఆర్కిటెక్టే. కోడ్ పూర్తిగా మానేసి ప్రపోజల్ పీపీటీల్లో డబ్బాలు గీసే ఆర్కిటెక్టులు చాలామందిని చూశా, అలాంటివాళ్ల మాట టీమ్ వినదు, వినకపోవడం న్యాయమే అని నా ఉద్దేశం, ఎందుకంటే ఆ డబ్బాల మధ్య గీతల దగ్గరే సిస్టమ్ పడిపోతుంది, ఆ నొప్పి వాళ్లకి తెలీదు.

టైటిల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) అని ఒక పద్ధతి ఉంది, 2011 నుంచి వాడుకలో ఉంది: పరిస్థితి ఏంటి, ఏం ఎంచుకున్నాం, దానివల్ల రేపు ఏం ఇబ్బంది రావచ్చు, ఒక్క పేజీలో రాసి కోడ్‌తో పాటే రిపోలో పెట్టడం. వదిలేసినవాటిని ఎందుకు వదిలేశామో కూడా రాస్తే ఇంకా మంచిది. మీటింగ్‌లో ఇంగ్లిష్‌లో గట్టిగా మాట్లాడలేక వెనక కూర్చునే మనవాళ్లకి ఇది పెద్ద ఆసరా, నిదానంగా ఆలోచించి రాసుకోవచ్చు కదా.

మా టీమ్‌లో మూడేళ్ల అనుభవం ఉన్న ఒకమ్మాయి ఇలాగే ఒక పేజీ రాసింది. రోజుకి రెండు వేల ఆర్డర్లే వస్తున్నాయి, కాఫ్కా లాంటి పెద్ద మెసేజ్ సిస్టమ్ అక్కర్లేదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక టేబుల్ చాలు, అవి రెండు లక్షలు దాటిన రోజు మళ్లీ చూద్దాం అని. ఆ తర్వాతి డిజైన్ రివ్యూకి ఆ అమ్మాయినే పిలిచాం.