ప్యారీకి నూరేళ్ల ముందే వూక్ ఉన్నాడు
సెర్బియా మౌఖిక కావ్యాలపై వచ్చిన వ్యాసం చదివాను. వాటిపై అసలైన పరిశోధన 1933లో అమెరికన్ పండితుడు మిల్మన్ ప్యారీ యుగోస్లావియా వెళ్లాకే మొదలైందన్న వ్యాసకర్త మాటను ఒప్పుకోలేను. గాయకుడు కావ్యాన్ని బట్టీ పట్టడు, పాడుతూనే అల్లుకుపోతాడని ప్యారీ, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ అల్యూమినియం డిస్కులపై రికార్డు చేసిన పాటల సాక్ష్యంతో చూపించారు. అది చిన్న పనేమీ కాదు. కానీ సెర్బియా జానపద గేయాలు సేకరించిన వూక్ కరాజిచ్ ఏమైనట్టు? 1815లోనే ఆ కొయ్యకాలి మనిషి షిషాతొవాత్స్ మఠంలో ఫిలిప్ విష్ణిచ్ అనే అంధ గాయకుడి చేత పాడించుకుని రాసుకున్నాడు. పాటలు పోగేసి ఊరుకోలేదు. 1833 సంపుటం ముందుమాటలో ఏ పాట ఎవరి దగ్గర దొరికిందో, ఆ మనిషి ఎలాంటివాడో చెప్పాడు. ఆయనకు పాటలిచ్చినవాళ్లలో ఒకడైన తేషాన్ పొద్రుగోవిచ్ పాడడనీ, పుస్తకం చదివినట్టు చెబుతాడనీ గమనించింది ఆయనే. నాలుగో అక్షరం తర్వాత విరిగే ఈ కావ్యాల పదక్షరాల పాదం, గాయకులు వాయించుకుంటూ పాడే గుస్లే అనే తంత్రీ వాద్యం తోడు లేకుండా కూడా నిలబడిందన్నమాట! వూక్ పాఠాలను అక్కడక్కడా సరిదిద్దాడన్న విమర్శ ఉంది, కాదనను. అయినా ఇంత పెద్ద వ్యాసంలో ఆయనకు ఒక్క వాక్యమైనా దక్కకపోవడం అన్యాయం.