తథాస్తు దేవతలకు ఇంగ్లీషు వస్తుందా?

మొన్న మా మేనకోడలి ఎంసెట్. పేరు మార్చి ఈఏపీసెట్ అన్నారు గానీ మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. డాక్టరు సీట్లు నీట్‌కు వెళ్ళిపోయాక ఆ 'ఎం'కు పని లేకుండా పోయిందని ఎంత చెప్పినా మా అక్క దాన్ని వదలడం లేదు. బావకు సెలవు దొరకలేదు కాబట్టి పిల్లను పరీక్షకు తీసుకెళ్ళే భాగ్యం నాకు దక్కింది. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. పరీక్షా కేంద్రం ఘట్‌కేసర్ దాటాక ఎక్కడో. ఎలా చేరామో అడగకండి, చేరాం.

అసలు గొడవ ముందు రోజు సాయంత్రమే మొదలైంది. పిల్ల చదివే కాలేజీ నుంచి తల్లిదండ్రులకు ఒక సందేశం వచ్చింది. రెండేళ్ళుగా ఆ కాలేజీ పంపిన సందేశాలన్నీ ఫీజు గడువు గురించే. ఇది మాత్రం ప్రేమతో పంపింది. పరీక్షకు వెళ్ళే పిల్లలతో 'భయపడకు', 'తొందరపడకు', 'తప్పులు చెయ్యకు' అనకూడదట. ఆ మాటల్లో భయం, తొందర, తప్పు ఉన్నాయి కాబట్టి పిల్లల బుర్రలో అవే మిగిలిపోతాయట. బదులుగా కింద ఇచ్చిన పన్నెండు ఇంగ్లీషు మాటల్లో ఏదో ఒకటి అనాలట. పన్నెండింటిలో తెలుగు మాట ఒక్కటీ లేదు. 'విజయోస్తు' అనే మాటను ఏ పాపం చేసిందని వదిలేశారో తెలియదు.

అక్క ఆ జాబితాను నాకు పంపించి, "గేటు దగ్గర ఉండేది నువ్వే కదా, ఒకటి బట్టీ పట్టు" అంది. పట్టడానికి కూర్చున్నాను. 'యూ గాట్ దిస్' అంటే ఇది నీకు దొరికిందని. ఏది, హాల్ టికెట్టా? 'వుయ్ ఆర్ రూటింగ్ ఫర్ యూ' అంటే, ఎనభై లెక్కలు చెయ్యబోతున్న పిల్ల ముందు రూట్ అనే మాట ఎత్తడం ధర్మమా? కాలు విరగ్గొట్టుకోమనే మాట కూడా ఒకటి ఉంది. దాని అర్థం మంచిదేనని కింద రాశారు గానీ, మా అక్క ఎదుట దాన్ని పలికే ధైర్యం నాకు లేదు. చివరికి మన 'ఆల్ ది బెస్ట్' చాలులే అనుకున్నాను. పిల్ల ఆ దారి కూడా మూసేసింది.

"మామయ్యా, నువ్వు మాత్రం ఆల్ ది బెస్ట్ అనకు. పొద్దుటి నుంచి వాచ్‌మన్‌తో సహా అందరూ అనేశారు. ఇంకొక్కసారి వింటే నేను చదివింది మొత్తం మర్చిపోతాను."

సరే అన్నాను. అనడం ఎంత తేలిక!

గేటు దగ్గర జాతర. తొమ్మిదింటికి పరీక్ష, ఒక్క నిమిషం దాటినా లోపలికి పంపరు. కొందరు తల్లులు పిల్లల నోట్లో పెరుగూ పంచదారా పెడుతున్నారు. ఒకాయన కొడుకు చెయ్యి పట్టుకుని వేళ్ళకు గోరింటాకు మరక ఏమైనా ఉందేమోనని వెతుకుతున్నాడు, వేలిముద్ర పడదని భయం. మావాళ్ళమ్మాయి వాచీ తీసి నా చేతిలో పెట్టి లోపలికి నడిచింది. పది అడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఏదైనా అంటానని ఎదురుచూసింది.

ఆ క్షణంలో నా బుర్రలో ఏం జరిగిందో వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఆ తర్వాత ఎవరూ నన్ను చెప్పనివ్వలేదు.

పన్నెండు మాటలూ ఎగిరిపోయాయి. మిగిలింది ఆరో తరగతిలో నేర్చుకున్న వరుస: గుడ్, బెటర్, బెస్ట్. బెస్ట్ మీద నిషేధం ఉంది. గుడ్ అందామంటే చప్పగా ఉంది. 160 ప్రశ్నల పరీక్షకు వెళ్ళే పిల్లకు ఉత్త గుడ్ ఇచ్చి పంపడం పిసినారితనం కాదా? కాబట్టి మధ్యది. ఈ తర్కంలో తప్పేముందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. గట్టిగా, ఆ జాతరంతటికీ వినబడేట్టు, "బెటర్ లక్" అని మొదలుపెట్టాను.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కానీ నాలుక అలవాటు నాలుకది. కొన్నేళ్ళుగా పాల ప్యాకెట్టుకూ కొత్తిమీర కట్టకూ ఆటోకూ ఫోనులోనే డబ్బులు కడుతున్నాను. కట్టిన ప్రతిసారీ ఆ యాప్ ఒక గీకుడు కార్డు ఇస్తుంది. వేలితో గీకుతాను. గీకగానే కనిపించేది ఎప్పుడూ ఒకటే మాట. విష్ణు సహస్రనామం నాకు సగం దాకానే వచ్చు. ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా వస్తుంది. వచ్చేసింది.

"బెటర్ లక్ నెక్స్ట్ టైమ్!"

జాతర సద్దు మణిగింది. పెరుగు చెంచాలు గాలిలో ఆగిపోయాయి. మా పిల్ల అరచేత్తో నుదురు కొట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈ నిమిషం నిబంధన లేకపోతే వెనక్కి వచ్చి నన్ను కొట్టి వెళ్ళేదే.

"ఏమండీ, చదువుకున్నవారిలా ఉన్నారు, పిల్లలు లోపలికి వెళ్ళేటప్పుడు అనవలసిన మాటేనా అది?" అని పెరుగు డబ్బా పట్టుకున్న ఒకావిడ నిలదీసింది. "మీ పిల్లతో ఒక్కదానితో అన్నారా? గేటు లోపల మా అందరి పిల్లలూ ఉన్నారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు!"

శుభం పలకరా మంకెన్నా అంటే ఏదో అన్నాడని మా అమ్మమ్మ ఒక సామెత చెప్పేది. ఏమన్నాడో ఇక్కడ రాయలేను గానీ, ఆ మంకెన్న నాకు దూరపు చుట్టమే అయి ఉండాలి.

ఇక అక్కడ సభ మొదలైంది. తథాస్తు దేవతలు సంధ్య వేళ కదా తిరిగేది, తొమ్మిది కావస్తోంది, డ్యూటీ దిగిపోయి ఉంటారని నేను వాదించాను. "ఎంసెట్ రోజు కూడా దిగుతారా?" అంది ఆవిడ. అసలు వారికి ఇంగ్లీషు వస్తుందా అని నా రెండో సందేహం. కర్ర పట్టుకున్న ఒక తాతగారు కలగజేసుకుని, "వేల ఏళ్ళుగా పైన తిరుగుతున్నవారికి ఒక భాష నేర్చుకోవడం ఎంత పని నాయనా? మా మనవడు ఆరు నెలల్లో నేర్చుకున్నాడు" అన్నారు. లెక్చరర్‌లా కనిపించిన ఒకాయన మాత్రం మరో మెలిక పెట్టాడు: "అది జేఈఈ మెయిన్ అయితే ఫరవాలేదండీ. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడతారు. ఎంసెట్‌కు నెక్స్ట్ టైమ్ అంటే ఏడాది." ఆ 'ఏడాది' అన్నమాట వినగానే ఇద్దరు తల్లులు కూర్చుండిపోయారు.

సరిగ్గా అప్పుడే, లాంగ్ టర్మ్ కోచింగ్ కరపత్రాలు పంచుతున్న కుర్రాడు అంతమందినీ దాటుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి రెండు చేతిలో పెట్టాడు. ఒకటి కాదు, రెండు.

విరుగుడుగా తూర్పుకు తిరిగి మూడుసార్లు 'విజయోస్తు' అనాలని తీర్మానమైంది. అన్నది ఇంగ్లీషులో అయితే విరుగుడు సంస్కృతంలో పట్టుతుందా అని అడిగాను. "ఇంగ్లీషు మందు పడనివాళ్ళకు ఆయుర్వేదం ఇవ్వరా?" అన్నారు తాతగారు. తిరిగాను. అన్నాను. కానిస్టేబుల్ వచ్చి ఏమిటీ గుంపు అని అడిగితే నన్నే చూపించారు. పన్నెండు మాటల జాబితా పంపిన ఆ కాలేజీవాళ్ళు మాత్రం ఆ సమయానికి ఏసీ గదిలో కూర్చుని, రాని ర్యాంకులకు ప్రకటనలు తయారు చేసుకుంటూ ఉంటారు.

పన్నెండింటికి పిల్ల బయటికి వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఎలా రాశావమ్మా?" అన్నాను. ఇది ఏ జాబితాలోనూ లేదు, అయినా అన్నాను.

"చివర్లో టైము చాలలేదు మామయ్యా, పదకొండు ప్రశ్నలకు కళ్ళు మూసుకుని గుర్తులు పెట్టేశాను. తప్పుకు మార్కులు తగ్గించరుగా" అంది. తర్వాత నడుస్తూ నడుస్తూ, "నా వెనక అమ్మాయి నీ అరుపు విని ఒకటే నవ్వు. చెయ్యి వణికి వేలిముద్ర పడలేదు. మూడుసార్లు వేయించారు" అంది. ఆ అమ్మాయి తల్లి చేతిలో పెరుగు డబ్బా ఉందా అని అడగాలనుకుని మానేశాను.

ఎండ మండిపోతోంది. బండి దగ్గర ఆగి రెండు గ్లాసుల చెరకు రసం తాగాం. అరవై రూపాయలు, ఫోనులో కట్టాను. కార్డు వచ్చింది. పిల్ల "గీకకు మామయ్యా" అంటూనే ఉంది, వేలు ఆగలేదు.

మూడు రూపాయలు వచ్చాయి. ఇన్నేళ్ళలో మొదటిసారి.

అక్కకు ఇంకా చెప్పలేదు.