జమానతు ఎవరని అడిగితే గ్రూప్‌ల నుంచి తీసేస్తరా?

మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌ల మొన్న ఒక మెసేజ్ పడ్డది. "దయచేసి ఆ యాప్ గురించి ఇక్కడ ఎవరూ చర్చ పెట్టొద్దు. స్నేహం వేరు, వ్యాపారం వేరు." ఆ యాప్ అంటే, క్రిప్టో కాయిన్ల పైసలు పెడితే రోజూ లాభం ఇస్తమని చెప్పి మనోళ్ళ పైసలు ముంచిన యాప్. మెసేజ్ పెట్టిందెవరో తెలుసా? నిరుడు ఇదే గ్రూప్‌ల పొద్దుపొద్దున గుడ్ మార్నింగ్ బదులు తన వాలెట్ స్క్రీన్‌షాట్ పెట్టిన పెద్దమనిషి. పైసలు తెమ్మన్న రోజు మనం మనం ఒకటి. పైసలు మునిగినంక స్నేహం, వ్యాపారం వేరువడ్డయి. ఆ మెసేజ్ కింద మనోళ్ళు వరుసగ దండం బొమ్మలు పెట్టిన్రు చూడు, నాకు అసలు కోపం అక్కడ వచ్చింది. పొడుగు పోస్ట్ ఇది, ఓపిక ఉన్నోళ్ళు చదవండి.

యాప్ పేరు రాయను, మనిషి పేరు రాయను. ఫిర్యాదు ఇచ్చే పని నడుస్తున్నది. పేరుతో అవసరం కూడా లేదు. నకిరేకల్‌ల ఒక పేరుంటే జడ్చర్లల ఇంకో పేరు, దేవరకొండల ఇంకోటి. ఏదో ఒక కాయిన్ ఉంటది, దానికి సింహమో రాకెట్టో బొమ్మ ఉంటది, దుబాయ్ కంపెనీ అంటరు. రూపాయలను యూఎస్‌డీటీ (డాలర్‌తో సమానంగ ఉంటదనే క్రిప్టో కాయిన్) చేసి వాలెట్‌ల వేయాలె. రోజుకు ఒక శాతం వస్తది. ఇంకో మనిషిని చేర్పిస్తే వాళ్ళు పెట్టినదాంట్ల కమీషన్, వాళ్ళు ఇంకొకర్ని చేర్పిస్తే దాంట్ల కూడా. చేర్పించినోడు అప్‌లైన్, చేరినోడు డౌన్‌లైన్. మొదటి మీటింగ్ నల్లగొండల ఒక హోటల్ హాల్‌ల పెట్టిన్రు. గోవా పోయొచ్చినోళ్ళకు శాలువాలు కప్పిన్రు, అందరికీ బిర్యానీ పెట్టిన్రు. పైసలు పోయినోళ్ళు కూడా బిర్యానీ మాత్రం బాగుండె అంటరు.

రోజుకు ఒక శాతం అంటే ఏందో మన లెక్కల చూద్దాం. మన దగ్గర మిత్తి అంటే నెలకు నూటికి ఇన్ని రూపాలు. రెండు రూపాల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాలంటే నోరు తెరుస్తం. ఎవడన్నా వచ్చి "అక్కా, పది రూపాల మిత్తి ఇస్త, ఐదు లక్షలు సర్దు" అన్నడనుకో. ఇస్తమా? చస్తే ఇయ్యం. వీడు ఎక్కడనో పీకలదాక మునిగిండు, అందుకే పది రూపాలకు తయారైండు అని ఏనాడూ బడి మొకం చూడని మా అమ్మమ్మ కూడా చెప్తది. మరి రోజుకు ఒక శాతం అంటే నూటికి ముప్పై రూపాల మిత్తి. ముప్పై! వచ్చింది వచ్చినట్టు మళ్ళ అండ్లనే పెట్టుకుంట పోతే లక్ష రూపాలు ఏడాది తిరిగేసరికి 37 లక్షలు దాటాలె. పది రూపాలంటే తలుపేసుకునే మనుషులే ముప్పై రూపాలకు లైన్ కట్టిన్రు. ఎందుకంటే అడగొచ్చినోడు బయటోడు కాదు. మనతోని ఒకటే బెంచీ మీద కూసున్నోడు.

నేను మా మహిళా సంఘంల లెక్కలు రాస్త, చిట్టీలు కూడా వేస్త. చిట్టీ నడిచేదే నమ్మకం మీద. అయినా పాట పాడి చిట్టీ ఎత్తుకున్నోళ్ళు నోటు రాసియ్యాలె, జమానతుకు, అంటే వాళ్ళు కట్టకపోతే మేం కడతమని పూచీ పడనీకి, ఇద్దర్ని తేవాలె. "జమానతు ఎవరు?" అని నేను మా సొంత మేనత్తను అడిగిన. ఆమె మొకం మాడ్చుకోలే. ఇద్దరి పేర్లు చెప్పి, సాయంత్రానికి తోల్కొచ్చి సంతకాలు పెట్టించింది. సంఘంల అయితే అందరం కూసోని, బుక్కు చదివి, తీర్మానం రాస్తేగాని బ్యాంకు లోను కదలదు. ఒకామె కిస్తీ కట్టకపోతే మిగిలినోళ్ళు పోయి ఆమె ఇంటి ముందట కూసుంటరు. అది అంతా మంచే అని నేను అనను, దాంతోని ఇజ్జత్ పోయి ఏడ్చినోళ్ళను చూసిన. కానీ అక్కడ అడుగుడు తప్పు కాదు. అడగకుంటేనే తప్పు.

బ్యాచ్ గ్రూప్‌ల అదే నేరమైంది. నేను పెట్టింది ఒక్క ముక్క: "అన్నా, వాళ్ళు ఇయ్యకపోతే జమానతు ఎవరు?" జవాబు ఏం వచ్చిందంటే, "చెల్లె, నెగెటివ్ మాటలొద్దు. ఇష్టం లేకపోతే చేరకు, పది మంది బాగుపడేది చెడగొట్టకు." ఎనుకనే ఇంకొకాయన: "సంఘం చిట్టీలు వేసెటోళ్ళకు బ్లాక్‌చెయిన్ ఏం సమజైతది." బ్లాక్‌చెయిన్ అంటే క్రిప్టో లావాదేవీలన్నీ రాసుండే ఆన్‌లైన్ లెక్కల బుక్కు. కింద నవ్వుడు బొమ్మలు. నవ్వనీ. కానీ ఆ గ్రూప్ ఎసువంటిదో తెలుసా? రక్తం కావాలంటే దొరికిన గ్రూప్. కరోనా టైంల ఒకరి నాయినకు ఆక్సిజన్ సిలిండర్ వెతికి అర్ధరాత్రి ఆటోల పంపిన గ్రూప్. అంత నమ్మకం జమకానీకి ఏండ్లు పట్టింది. ఆ వాలెట్ స్క్రీన్‌షాట్ల పెద్దమనిషి దాన్ని తీస్కపోయి, మమ్మల్ని ఎవర్నీ అడగకుండనే, దుబాయ్ కంపెనీకి జమానతుగ రాసిచ్చిండు.

నాకంటే గట్టిగ అడిగింది ఒక పిలగాడు. మా క్లాస్‌మేట్ తమ్ముడు, బీటెక్ చదివిండు. వీళ్ళకు టెలిగ్రామ్‌ల వేరే టీమ్ గ్రూప్ ఉండె, అండ్ల ఉన్నడు. ఈ యూఎస్‌డీటీ వీళ్ళు ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీద పంపించెటోళ్ళు. అండ్ల వాలెట్ అడ్రస్ ఇంగ్లీషు టీ అక్షరంతో మొదలైతది, మొత్తం 34 అక్షరాలు. ట్రాన్‌స్కాన్ అనే వెబ్‌సైట్‌ల ఆ అడ్రస్ కొడితే ఏ వాలెట్‌కెళ్ళి ఏ వాలెట్‌కు ఎంత పోయిందో ఎవరైనా చూడొచ్చు, పాస్‌వర్డ్ అక్కరలేదు. వాడు చూసిండు. మనోళ్ళు పంపినయి అన్నీ ఒక వాలెట్‌ల పడుతున్నయి, నిమిషాలల్ల ఇంకో రెండు వాలెట్లకు పోతున్నయి. అండ్లకెళ్ళే కొంత తీసి, ముందు చేరినోళ్ళకు రోజు శాతం పంచుతున్నరు. ట్రేడింగ్ లేదు, మన్ను లేదు. వాడు స్క్రీన్‌షాట్ మీద ఎర్ర బాణాలు గీసి, తెలుగుల వివరం రాసి పెట్టిండు. టీ తాగొచ్చేంత సేపు కూడా ఉండలే. మెసేజ్ డిలీట్, మనిషి రిమూవ్. వేరే కంపెనీ ఏజెంటని ప్రచారం చేసిన్రు. వాళ్ళమ్మ పైసలు కూడా అండ్లనే ఇరుక్కున్నయి, ఇగ వాడేం ఏజెంటో మీరే చెప్పాలె.

బిట్‌కాయిన్‌ను తిట్టుటానికి నేను ఇది రాస్తలేను. అది 2009 నుంచి నడుస్తున్నది. 2021 నవంబర్‌ల 69 వేల డాలర్ల దాక ఎక్కింది, మళ్ళ నవంబర్ వచ్చేసరికి 16 వేల దగ్గరికి పడ్డది. నీ పైసలు, నీ గుండె ధైర్యం, పెట్టుకుంటవా పెట్టుకో. నేను అడిగేది ఒక్కటి: అసలు కాయినే గిట్ల ఎక్కుకుంట దిగుకుంట ఉంటే, దాని పేరు చెప్పి రోజూ తప్పకుండ ఒక శాతం ఎక్కడికెళ్ళి తెస్తరు?

మీటింగుల చెప్పేవి పచ్చి అబద్ధాలైతే పట్టుకోవచ్చు. వీళ్ళు సగం నిజాలు చెప్తరు. "సుప్రీంకోర్టు 2020ల క్రిప్టోకు ఓకే చెప్పింది" అన్నరు. జరిగిందేందంటే, క్రిప్టో వ్యాపారం చేసెటోళ్ళకు బ్యాంకులు సేవలు ఇయ్యొద్దని రిజర్వ్ బ్యాంక్ 2018ల సర్క్యులర్ ఇచ్చింది, 2020 మార్చిల కోర్టు దాన్ని కొట్టేసింది. అంతే. మీ సింహం బొమ్మ కాయిన్‌కు కోర్టు ముద్ర వేయలే. ఇంకోటి, "గవర్నమెంటే 30 శాతం ట్యాక్స్ తీసుకుంటున్నది, లీగల్ కాకుంటే తీసుకుంటదా?" 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, అదే జూలై నుంచి ఒక శాతం టీడీఎస్ (అమ్మినప్పుడే ముందుగల పట్టుకునే పన్ను), నిజమే. పన్ను తీసుకున్నంత మాత్రాన మీ పైసలకు సర్కారు పూచీ పడ్డట్టా? ఒక కాయిన్‌ల వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంల తగ్గించుకోనీకి కూడా ఆ చట్టం ఒప్పుకోదు, ఆ ముక్క ఏ మీటింగుల వినవడలే. 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ చట్టం కిందికి వచ్చినయి, అనుమానం ఉన్న లావాదేవీల మీద కన్నేసే కేంద్ర సర్కారు సంస్థ ఎఫ్‌ఐయూ దగ్గర రిజిస్టర్ కావాలె. మీ యాప్ అయిందా అంటే ఉలుకు లేదు, పలుకు లేదు.

కొత్త మోసమైతే తెలవలేదనుకోవచ్చు. వన్‌కాయిన్ అని 2014ల మొదలైంది, దానికి అసలు బ్లాక్‌చెయినే లేదు. దాన్ని నడిపిన రూజా ఇగ్నతోవా 2017 అక్టోబర్‌ల మాయమైంది, 2022ల అమెరికా ఎఫ్‌బీఐ ఆమెను పరారీల ఉన్న నేరస్థుల టాప్ టెన్ లిస్టుల పెట్టింది. బిట్‌కనెక్ట్ అనే క్రిప్టో స్కీము కూడా రోజుకు ఒక శాతం దాక ఆశ చూపి 2018 జనవరిల దుకాణం బంద్ చేసింది. మన దేశంల గెయిన్‌బిట్‌కాయిన్ నెలకు పది శాతం అన్నది. అవన్నీ ఎందుకు, అగ్రిగోల్డ్ మన కండ్ల ముందటి సంగతి కాదా? 32 లక్షల మంది డిపాజిట్‌దారులు. అప్పుడు కూడా ఏజెంటంటే బాబాయో, బావమరిదో, బడి సారో.

ఒక్కొక్కరు ముగ్గుర్ని చేర్పిస్తే చాలంటరు. ముగ్గురేనా అనిపిస్తది. మూడు, తొమ్మిది, ఇరవై ఏడు అనుకుంట పొండి. పదమూడో లెవెల్‌ల ఒక్కదాంట్లనే 15 లక్షల 94 వేల మంది కావాలె. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి నల్లగొండ జిల్లా జనాభా పదహారు లక్షల చిల్లర. పదమూడో లెవెల్‌ల చంటిపిల్లలతోని సహా జిల్లా మొత్తం చేరాలె, ఇగ పద్నాలుగో లెవెల్‌కు ఎవర్ని తెస్తవు?

ఇప్పుడు అందరూ అనేది, "ఆశకు పోయిన్రు, అనుభవించనీ." ఆశ ఉన్నది, లేదని నేను అనను. కానీ మా క్లాస్‌మేట్ ఒకామె ఉన్నది, మిర్యాలగూడ దిక్కు ఇచ్చిన్రు, ఆయన లారీ తోలుతడు. బిడ్డ ఫీజుకని ఎత్తుకున్న చిట్టీ పైసలు, పుస్తెలతాడు కుదువ పెట్టి తెచ్చినయి, రెండూ అండ్ల పెట్టింది. మొదటి నెల ఐదు వేలు విత్‌డ్రా వచ్చినయి, నిజంగనే బ్యాంకుల పడ్డయి. దాంతోని నమ్మి మిగిలింది పెట్టింది. తర్వాత సర్వర్ అప్‌గ్రేడ్ అన్నరు. తర్వాత కేవైసీ అన్నరు. తర్వాత మీ డాలర్లన్నీ కంపెనీ సొంత కాయిన్‌లకు మార్చినం అన్నరు, ఆ కాయిన్ కొనేటోడు భూమ్మీద ఎక్కడా లేడు. చివరికి విత్‌డ్రా కావాలంటే పది శాతం ట్యాక్స్ ముందుగల కట్టాలె అన్నరు, ఆమె దానికి కూడా అప్పు అడుగుతుంటే నేను ఆపిన. మొన్న వాళ్ళింటికి పోతే ఫోన్ నా చేతుల పెట్టింది. స్క్రీన్ మీద పచ్చ అంకెలల్ల 11,240 డాలర్లు అని ఉన్నది. విత్‌డ్రా నొక్కితే గుండ్రంగ తిరుగుతనే ఉంటది. "ఇది రూపాలల్ల ఎంతైతదే?" అని అడిగింది. లెక్కలు రాసే నాకు నోట మాట రాలే.

ఆమెను చేర్పించినాయన గోవా పోయొచ్చిండు. ఇప్పుడు "నేను కూడా మోసపోయిన" అంటున్నడు. కావచ్చు. పెట్టిన పైసలు పోయినంతవరకు మోసపోయినవు సారూ. ఆమె పెట్టినదాంట్ల నీకు వచ్చిన కమీషన్ సంగతేంది? మనుషుల్ని చేర్పిస్తే పైసలొచ్చే స్కీములను 1978ల చేసిన చట్టం నిషేధించింది. నడిపినోళ్ళకే కాదు, అండ్లకు మనుషుల్ని చేర్పించినోళ్ళకు కూడా మూడేండ్ల దాక జైలు ఉన్నది. కోర్టు సంగతి కోర్టు చూసుకుంటది. ముందు ఆ కమీషన్ తిరిగియ్యి, మోసపోయినవని అప్పుడు నమ్ముతం. అడ్మిన్లు కూడా వినాలె. స్క్రీన్‌షాట్లు పెట్టనిచ్చింది మీరే. అడిగినోళ్ళ నోరు మూయించింది మీరే. ఇప్పుడు చర్చ వద్దనేది కూడా మీరేనా?

ఇంకొక్క సంగతి, జెల్ది రాస్తున్న. పోయిన పైసలు తెచ్చిస్తమని టెలిగ్రామ్‌ల కొత్తగ కొందరు దిగిన్రు, హ్యాకర్లమంటరు, లాయర్లమంటరు, ముందు ఫీజు కట్టమంటరు. ఒక్క రూపాయి పంపొద్దు. మోసం జరిగిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే బ్యాంకుల ఉన్న పైసలను ఆపే అవకాశం ఉంటది. మనోళ్ళు ముందు రూపాయలు ఎవరికో పంపి యూఎస్‌డీటీ కొనుక్కొని, అక్కడికెళ్ళి తమ చేతులతోనే కంపెనీ వాలెట్‌ల వేసిన్రు కాబట్టి కష్టమే, నేను ఆశ పెట్టను. అయినా ఫిర్యాదు రాతల ఉండాలె.

సోమవారం పదింటికి క్లాక్ టవర్ దగ్గర కలుద్దాం, అక్కడికెళ్ళి పోలీసుల దగ్గరికి పోదాం. ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్, వాలెట్ అడ్రస్, లావాదేవీల నంబర్లు తెచ్చుకోండి. చాట్లు డిలీట్ చేయకండి, యాప్ తీసేయకండి, ఫోన్ మార్చకండి. ఆ బీటెక్ పిలగాడు వస్తున్నడు, బాణాలు గీసిన స్క్రీన్‌షాట్లు ఇంకా వాని దగ్గరనే ఉన్నయి. గోవా సారుకు కూడా ఈ పోస్ట్ పంపిన. సాక్షిగ వస్తడా, ముద్దాయిగ వస్తడా, ఆయన ఇష్టం.