సవరణ: నిమ్మలకుంట తోలుబొమ్మలు, జీఐ గుర్తింపు, పింఛను

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నందున నెలనెలా పింఛను కూడా అందుతుందని ఇంతకుముందు టపాలో ఉన్న వాక్యాన్ని తొలగించడమైనది. ఈ రెండింటికీ సంబంధం లేదు. 1999 నాటి చట్టం కింద లభించే ఈ గుర్తింపు ఒక పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుతుందే తప్ప ఎవరి చేతికీ డబ్బు ఇవ్వదు. పదేళ్లకొకసారి దానిని పునరుద్ధరించుకోవాలి, ఆ పేరుతో అమ్ముకొనే కళాకారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. పైగా ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలు జీఐ జాబితాలో హస్తకళల విభాగం కిందికి వస్తాయి. మేకతోలును వెలుతురు అవతలికి కనిపించేంత పలుచగా గీకి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులద్దిన బొమ్మకూ, అదే తోలుతో చేసిన దీపపు తొడుగుకూ ఆ రక్షణ చెల్లుతుంది గానీ, తెర వెనుక తెల్లవార్లూ పాడే గొంతుకు చెల్లదు. కళను కాపాడుతున్నామనే మాటల్లో ఈ తేడా తరచుగా మరుగున పడుతుందని నా అభిప్రాయం.

పింఛను దారి వేరు. కేంద్ర సాంస్కృతిక శాఖ 60 ఏళ్లు నిండి, ఆదాయ పరిమితికి లోబడిన కళాకారులకు, దరఖాస్తును పరిశీలించి, నెలకు గరిష్ఠంగా రూ.6,000 వరకు ఇస్తుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో వచ్చిన పద్మశ్రీతో నగదు ఏదీ రాదు.

మరొకటి: ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట గ్రామం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది కనుక, జిల్లా స్థాయి పనులకు అనంతపురం కాక పుట్టపర్తికి వెళ్లాలి.